తల్లిని చూసి పిల్లని!

ముద్దొస్తోందని కొనేస్తాం. ముచ్చట తీరకముందే ఆసుపత్రి మెట్లెక్కుతాం. కుక్కపిల్లని తెచ్చుకునేటప్పుడు 'ఎంత?' అనడానికి ముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది.

బర్రెని కొనడానికి సంతకెళ్లిన రైతుని ఎప్పుడైనా గమనించారా? జేబులో చెయ్యి అంత తేలిగ్గా పెట్టడు. ముందు దాని చుట్టూ ఓ ప్రదక్షిణ చేస్తాడు. మూతి తెరిచి పళ్లు చూస్తాడు. పొదుగు నిమురుతాడు. ఎన్నో ఈత అని అడుగుతాడు. నాలుగడుగులు నడిపించి చూస్తాడు. అప్పటికీ నమ్మకం కుదరకపోతే తానే కూర్చుని ఓ పూట పాలు పితికి చూసుకుంటాడు. ఆ తర్వాత తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరం. అదీ తెగాకే పలుపు చేతికి తీసుకునేది. 'తల్లిని చూసి పిల్లని, పాడిని చూసి బర్రెని' అన్న సామెత ఊరికే పుట్టలేదు మరి.

ఇప్పుడు ఆ రైతు మనవడు హైదరాబాద్‌లో కుక్కపిల్లని కొనే తీరు చూడండి. ఫోన్‌లో ఓ ఫొటో కనిపిస్తుంది. బుట్టలో బొద్దుగా, గోధుమరంగు బొచ్చుతో లాబ్రడార్ పిల్ల. కింద 'హెవీ బోన్, షో క్వాలిటీ, విత్ పేపర్స్' అని రాసి ఉంటుంది. ఫోన్ చేస్తే అవతలి మనిషి మహా మర్యాదగా మాట్లాడతాడు. 'రెండే మిగిలాయి సార్, సాయంత్రానికి ఉండవు' అంటాడు. ఇంట్లో పిల్లలు అప్పటికే పేరు కూడా పెట్టేసుంటారు. ఇంకేముంది, అడ్వాన్సు వెళ్లిపోతుంది. ఆదివారం మధ్యాహ్నం ఏ మెట్రో పిల్లర్ దగ్గరో కారు ఆగుతుంది. డిక్కీలోంచి ఓ అట్టపెట్టె బయటికొస్తుంది. అయిదు నిమిషాల్లో బేరం పూర్తి. తాత పదివేళ్లతో చేసిన పరీక్షని మనవడు బొటనవేలితో ముగించేశాడు!

ఆ పిల్ల తల్లి ఎక్కడుంది? ఎలా ఉంది? అది ఎన్నో ఈత? ఎవరూ అడగలేదు. అడగకుండా ఉండటం కోసమే ఆ బేరం నడిరోడ్డు మీద జరిగింది.

అట్టపెట్టె వెనకాల...

ఆడకుక్క దాదాపు ఆర్నెల్లకోసారి ఎదకొస్తుంది. చూలు నిలిచాక తొమ్మిది వారాల్లో ఈనుతుంది. ఈతకి ఆరు పిల్లలు, ఒక్కోటి 15 వేలకి అమ్ముడుపోయిందనుకుందాం. 90 వేలు. ఎదకొచ్చిన ప్రతిసారీ జత కట్టిస్తే ఏడాదికి లక్షా 80 వేలు. షెడ్డులో అలాంటివి పది ఉంటే 18 లక్షలు. ఆడకుక్కని యంత్రంగా చూడ్డం మొదలుపెడితే లెక్క ఎంత ఊరిస్తుందో చూశారా?

ఈ లెక్కలో కనపడనిది ఖర్చు. చూడి కుక్కకి మంచి తిండి కావాలి. పశువైద్యుడి ఫీజులుంటాయి. పిల్లలకి రెండో వారం నుంచే నట్టల మందు పట్టాలి. టీకాలు వేయించాలి. రోజుకి నాలుగైదుసార్లు శుభ్రం చెయ్యడానికి మనిషి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా ఒక ఈతకీ ఇంకో ఈతకీ మధ్య తల్లికి విశ్రాంతి ఇవ్వాలి. వీటిని ఒక్కొక్కటిగా కోసుకుంటూ పోతే మిగిలేదే లాభం. అందుకే నిజంగా శ్రద్ధగా పెంచేవాళ్ల దగ్గర పెద్దగా మిగలదు. వాళ్ల దగ్గర రెండు మూడు కుక్కలుంటాయి, ఏడాదికో ఈత ఉంటే గొప్ప, పిల్లలు పుట్టకముందే అడిగినవాళ్ల పేర్లు రాసుకుని ఉంటాయి. ఎప్పుడు ఫోన్ చేసినా 'స్టాక్ ఉంది సార్' అనేవాడు బ్రీడర్ కాదు, దుకాణదారు. అదీ ఒక జాతి కాదు, లాబ్రడార్, పగ్, షిట్జూ, హస్కీ... ఏది అడిగితే అది ఉందన్నాడంటే ఆ పిల్లలు ఎక్కడెక్కడో పుట్టి వచ్చినవన్నమాట.

ఇలా పిల్లల్ని 'ఉత్పత్తి' చేసే షెడ్లని ప్రపంచమంతటా పప్పీ మిల్లులనే అంటారు. బ్రిటన్‌లో ఇలాంటి ఒక చోటు నుంచి బయటపడిన ఓ కుక్క ఏకంగా చట్టాన్నే మార్చింది. దాని పేరు లూసీ. కవలియర్ కింగ్ ఛార్లెస్ స్పానియల్ జాతి ఆడకుక్క. 2013లో వేల్స్‌లోని ఓ పెంపకం కేంద్రం నుంచి దాన్ని కాపాడారు. ఏళ్ల తరబడి ఇరుకు బోనులో ఉండి, ఈతమీద ఈత ఈని దాని వెన్ను వంగిపోయింది. ఒంటిమీద అక్కడక్కడా వెంట్రుకలు లేవు. అక్కణ్నుంచి వచ్చాక మూడేళ్లపాటు ఓ ఇంట్లో సుఖంగా బతికి 2016లో చనిపోయింది. దాని పేరుతో సాగిన ఉద్యమం ఫలితంగా ఇంగ్లండ్‌లో 2020 ఏప్రిల్ 6 నుంచి కొత్త నిబంధన అమల్లోకి వచ్చింది. ఆర్నెల్లలోపు కుక్కపిల్లని దళారులు అమ్మకూడదు. పుట్టిన చోటే, తల్లి పక్కన ఉండగా చూపించి, పెంచినవాళ్లే అమ్మాలి. లేదంటే జంతు సంరక్షణ కేంద్రం నుంచి దత్తత తీసుకోవాలి. ఎంత ఆలోచించినా చివరికి వాళ్లు తేల్చింది మన సామెతనే!

మనకీ నిబంధనలున్నాయి

కేంద్ర ప్రభుత్వం 2017లో కుక్కల పెంపకం, అమ్మకాలకి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. బ్రీడరన్నవాడు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేసుకోవాలి. ఆడకుక్కకి 18 నెలలు నిండకుండా జత కట్టించకూడదు. ఎనిమిదేళ్లు దాటాక కట్టించకూడదు. ఏడాదికి ఒక ఈతే. మొత్తం జీవితంలో అయిదుకి మించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. అమ్మేటప్పటికి మైక్రోచిప్ వేసి ఉండాలి. రోడ్డుపక్కన బుట్టలో పెట్టి ప్రదర్శించడం కుదరదు. మరుసటి ఏడాది, అంటే 2018లో పెట్ షాపులకీ విడిగా నిబంధనలొచ్చాయి. వాళ్లూ నమోదు చేసుకోవాల్సిందే.

కాగితం మీద చూస్తే ఇవి ఏ దేశానికీ తీసిపోవు. అమలు సంగతంటారా... మీకు తెలిసిన పది మంది కుక్కల యజమానుల్ని అడగండి, కొనేటప్పుడు బ్రీడర్ రిజిస్ట్రేషన్ చూశారా అని. అలాంటిదొకటి ఉందని తెలిసినవాళ్లే అరుదు. అసలు చట్టం సంగతి ఇంకా విచిత్రం. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద మొదటిసారి నేరానికి జరిమానా దశాబ్దాలపాటు 50 రూపాయలు దాటలేదు. పిల్లని 15 వేలకి అమ్ముకునేవాణ్ని అది ఏం భయపెడుతుంది! అందుకే ఆ ఒక్క ప్రశ్న కొనేవాళ్లే వెయ్యాలి.

'45 రోజులు' అనే అబద్ధం

మన దగ్గర కుక్కపిల్లల బజారులో చలామణిలో ఉన్న వయసు 45 రోజులు. ఆ 45 కూడా నిజం కాదు. నెల నిండీ నిండకుండానే బుట్టలో పెట్టేస్తారు. కారణం తెలిసిందే. అప్పుడు అది బొమ్మలా ఉంటుంది. చూసినవాళ్లు ఆగలేరు. పైగా ఇంకో మూడు నాలుగు వారాలు ఆరు పిల్లల్ని మేపే ఖర్చు, టీకాల ఖర్చు తప్పిపోతుంది. ఆ తర్వాత ఏమైనా కొన్నవాడి ఖాతాలోకే!

పిల్లకి మాత్రం ఆ మూడు నాలుగు వారాలే కీలకం. కుక్కపిల్ల కళ్లు తెరిచేదే రెండో వారంలో. మూడో వారం నుంచి చుట్టూ ఉన్న లోకాన్ని నేర్చుకోవడం మొదలుపెడుతుంది. తోబుట్టువుల్ని కొరుకుతుంది. గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట మానేస్తుంది. పాలు తాగుతూ పన్ను దింపితే తల్లి గుర్రుమంటుంది. ఎంత గట్టిగా కొరకొచ్చో, ఎక్కడ ఆపాలో అది నేర్చుకునే బడి అదే. ఆ బడి మాన్పించి తెచ్చిన పిల్ల పెద్దయ్యాక సరదాగా పట్టుకున్నా చెయ్యి చీరుకుపోయేలా పట్టుకుంటుంది. 'మా టామీకి ఎందుకో కోపమెక్కువ' అని విసుక్కునే చాలా ఇళ్లల్లో అసలు సంగతి అది పుట్టిన నెలకే తల్లిని విడిచి రావడం కావచ్చు.

వయసు కనిపెట్టడం ఎలా? తాతగారి పద్ధతే, నోరు తెరిచి చూడటమే. కుక్కపిల్లకి మూడో వారంలో పాలపళ్లు మొలవడం మొదలై, ఎనిమిది వారాలకి మొత్తం 28 దాదాపుగా వచ్చేస్తాయి. ముందుపళ్లు పన్నెండు, కోరలు నాలుగు, పక్కపళ్లు పన్నెండు. చిగుళ్లలోంచి అప్పుడప్పుడే తెల్లగా మొనలు తేలుతుంటే, నడక ఇంకా తడబడుతుంటే, 'రెండు నెలలు సార్' అన్న మాటని నవ్వి వదిలెయ్యండి.

మూడో రోజు వాంతి

పిల్లని తెచ్చిన రోజు ఇంట్లో పండగే. రెండో రోజు కాస్త మందకొడిగా ఉంటుంది. 'కొత్త కదా, బెంగ పెట్టుకుంది' అనుకుంటారు. మూడో రోజు వాంతి. సాయంత్రానికి నెత్తురు విరేచనాలు, ఆ వాసన ఒకసారి చూసినవాళ్లు మర్చిపోలేరు. ఆసుపత్రికి పరిగెడితే డాక్టరుగారు పరీక్ష చేసి చెప్పే మాట 'పార్వో'. అమ్మినవాడికి ఫోన్ చేస్తే ఎత్తడు. ఎత్తినా 'మా దగ్గర బ్రహ్మాండంగా ఉంది మేడమ్, మీరేం పెట్టారో' అంటాడు. పెరుగన్నం పెట్టిన ఇల్లాలు తనవల్లే ఇలా అయిందేమోనని రాత్రంతా సెలైన్ పక్కన కూర్చుని ఏడుస్తుంది.

ఆవిడ తప్పేం లేదు. పార్వో వైరస్ ఒంట్లోకి వెళ్లాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. ఇంటికొచ్చిన మర్నాడో మూడో రోజో వాంతులు మొదలయ్యాయంటే, ఆ జబ్బు వచ్చేటప్పుడే అట్టపెట్టెలో వచ్చిందన్నమాట. 1970ల చివర్లో ప్రపంచానికి తెలిసిన ఈ జబ్బుకి నేరుగా చంపే మందు లేదు. నీళ్లు, లవణాలు ఎక్కిస్తూ, వాంతులు ఆపుతూ పిల్ల ఒళ్లు తనంతట తాను గెలిచేదాకా నిలబెట్టడమే వైద్యం. వేళకి చేస్తే చాలా పిల్లలు బతుకుతాయి. నెల పిల్ల, అందులోనూ కడుపునిండా నట్టలున్న పిల్లకైతే కష్టం.

ఇక్కడ మళ్లీ తల్లి దగ్గరికే వెళ్లాలి. పుట్టిన మొదటి రోజు తాగే ముర్రుపాలలోంచే పిల్లకి తొలి రక్షణ. తల్లికి టీకాలు సరిగా పడుంటేనే ఆ పాలలో ఆ బలం ఉంటుంది. తల్లి ఇచ్చిన రక్షణ కొన్ని వారాలకి కరిగిపోతూ వస్తుంది. అది ఒంట్లో ఉన్నంతకాలం టీకా వేసినా సరిగా పనిచెయ్యకపోవచ్చు. ఎప్పుడు పూర్తిగా పోతుందో ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి టీకా వేస్తారు. మూడు నెలలకి రేబిస్ టీకా. కాబట్టి 'వ్యాక్సినేషన్ అంతా అయిపోయింది' అని నెలన్నర పిల్ల గురించి ఎవరైనా అంటే ఆ మాటకి అర్థమే లేదు. అయ్యుంటే గింటే మొదటి డోసు అయి ఉంటుంది.

అదీ అయిందో లేదో టీకా పుస్తకం చెబుతుంది. టీకా సీసా మీదుండే చిన్న స్టిక్కర్ని పుస్తకంలో అతికిస్తారు. దానిమీద మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. పక్కన పశువైద్యుడి సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. నీలిరంగు పెన్నుతో రెండు తేదీలు గీకి ఇచ్చిన కార్డుని టీకా పుస్తకం అనరు.

ఇంకో మాట. పార్వోతో పిల్ల పోయిన ఇంట్లో ఆ వైరస్ నెలల తరబడి బతికే ఉంటుంది. మామూలు ఫినాయిల్‌కి లొంగదు. బ్లీచింగ్ ద్రావణంతో నేల, గిన్నెలు కడగాలి. దిగులు తీరుతుందని వారంలోనే ఇంకో చిన్నపిల్లని తెచ్చుకోవడం ఆ పిల్లకి అపకారం. డాక్టరుని అడిగి, కొత్తదానికి టీకాలన్నీ పూర్తయ్యాకే తేవాలి.

గుమ్మందాకా వెళ్తేనే తెలిసేది

సరే, తల్లిని చూపిస్తానన్నాడు. ఏం చూడాలి?

ముందు ఆ చోటు చూడండి. వాసన చూడండి. కుక్కలున్న ఇంట్లో కుక్క వాసన ఉంటుంది, తప్పదు. కుళ్లు వాసన ఉండకూడదు. 'మీరు ఇక్కడే వరండాలో కూర్చోండి, నేను తెస్తాను' అన్నాడంటే లోపల చూపించకూడనిదేదో ఉందనే అనుకోవాలి. టీకాలు కాని పిల్లలు కాబట్టి చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని రమ్మంటే మాత్రం సంతోషించండి. అది శుభ్రం తెలిసిన ఇల్లు.

తల్లి చిక్కి ఉండొచ్చు. ఆరుగురికి పాలిచ్చిన ఒళ్లు, బొచ్చు కూడా కొంత రాలుతుంది. అంతమాత్రాన కంగారు పడక్కర్లేదు. కానీ కళ్లల్లో జీవం ఉండాలి. యజమాని పిలిస్తే తోకాడిస్తూ రావాలి. చెయ్యెత్తితే నక్కి నక్కి మూలకి పోయే కుక్క, మనిషి స్పర్శే ఎరగనట్టు బిగుసుకుపోయే కుక్క... దాని కథ అదే చెప్పేస్తోంది. పిల్లల స్వభావం కూడా కొంత తల్లినుంచే వస్తుంది మరి.

ఈ మధ్య మోసం ఇంకో మెట్టెక్కింది. తల్లిని అడుగుతున్నారని తెలిసి, అదే జాతి కుక్క నొకదాన్ని పక్కన కట్టేసి 'ఇదే తల్లి' అనేవాళ్లూ ఉంటారు. కడుపు కింద చూడండి. ఈమధ్యే పాలిచ్చిన కుక్క చన్నులు సాగి, వేలాడుతూ ఉంటాయి. పిల్లల్ని వదిలితే అవి నేరుగా దాని కిందకే దూరతాయి. అయితే ఒక జాగ్రత్త. పిల్లలకి పళ్లొచ్చాక తల్లి పాలివ్వడానికి విసుక్కుంటుంది, గుర్రుమని లేచి వెళ్లిపోతుంది. అది చూసి 'తల్లి కాదు' అని తీర్పిచ్చెయ్యకూడదు. తండ్రి అక్కడ లేకపోయినా తప్పు పట్టక్కర్లేదు. మంచి బ్రీడర్లు మగకుక్కని వేరే ఊరు నుంచి వెతికి జత కట్టిస్తారు కూడా. ఫొటో, వివరాలు ఇస్తే చాలు.

ఇక పిల్లలు. ఒక్కదాన్ని కాదు, మొత్తం ఈతని చూడాలి. ఒకదానికి ఒంట్లో బాగాలేకపోతే మిగతావాటికీ ఇవాళో రేపో అంటుకుంటుంది. బానపొట్ట ఆరోగ్యం కాదు, నట్టల గుర్తు. చాలా పిల్లలకి అవి తల్లి కడుపులో ఉండగానే వస్తాయి. బొడ్డు దగ్గర మెత్తటి ఉబ్బుందేమో తడమండి. చెవుల వెనక, కాలివేళ్ల మధ్య పిడుదులున్నాయేమో వెతకండి. చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి. తోక ఎత్తి చూడటానికి మొహమాటపడొద్దు. అక్కడ అంటుకుని ఉన్నది ఏ సర్టిఫికెట్ కన్నా నిజం చెబుతుంది.

సర్టిఫికెట్ అంటే గుర్తొచ్చింది. 'విత్ పేపర్స్ అయితే ఇంత, వితౌట్ అయితే ఇంత' అని రెండు ధరలు చెబుతారు. ఆ పేపర్లంటే చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే వంశవృక్షం. తల్లిదండ్రులెవరో, వాళ్ల తల్లిదండ్రులెవరో అందులో ఉంటుంది. అది ఆరోగ్యానికి హామీ పత్రం కాదు. ఉత్తముల వంశంలోనూ తుంటి జబ్బులుంటాయి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతుల్లో తుంటి కీలు సరిగా కుదురుకోకపోవడం వంశపారంపర్యంగా వస్తుంది. అందుకే తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే తీయించారా అని అడగండి. వంద మందిలో తొంభై మంది 'అదేంటి?' అంటే ఆశ్చర్యపోకండి. మిగిలిన ఆ పదిమందే మీక్కావలసింది. 'పేపర్లు తర్వాత కొరియర్ చేస్తా' అంటే మిగతా డబ్బు కూడా తర్వాతే ఇస్తానని చెప్పండి, అప్పుడు రంగు బయటపడుతుంది.

విజయవాడలోనో కర్నూలులోనో ఉన్నవాళ్లకి 'బస్సులో వేసి పంపిస్తాం' అనే ఆఫరు వస్తుంది. 'పిల్ల ఉచితం, రవాణా ఖర్చులు మాత్రం ముందే వెయ్యండి' అనేది ఇంకో రకం. ఈ రెండో రకంలో చాలాసార్లు అసలు పిల్లే ఉండదు. వెళ్లి చూడలేనంత దూరంలో ఉన్న పిల్లని వదులుకోవడమే మేలు.

పిల్లనిచ్చేవాడి వాకబు

మంచి బ్రీడర్ని గుర్తుపట్టడానికి ఓ సులువు ఉంది. మీరు వాణ్ని ప్రశ్నలడిగేలోపు వాడే మిమ్మల్ని అడుగుతాడు. ఇల్లు సొంతమా, అద్దెదా? యజమాని ఒప్పుకున్నాడా? పగలు ఇంట్లో ఎవరుంటారు? ఇంతకుముందు కుక్కని పెంచారా, అదెలా పోయింది? సంక్రాంతికి ఊరెళ్తే ఎవరు చూస్తారు? పెళ్లిచూపుల్లో పిల్ల తండ్రి అబ్బాయి ఉద్యోగం గురించి కూడా ఇంత కూపీ లాగడేమో! చిరాకు పడకండి. 'ఎప్పుడైనా పెంచలేకపోతే వీధిలో వదలొద్దు, నాకే తిరిగివ్వండి' అన్నాడంటే మీరు సరైన గుమ్మమే ఎక్కారు. 'డబ్బిచ్చారు, తీసుకెళ్లారు' అనేవాడికి ఆ పిల్ల రేపు ఏ ఫ్లైఓవర్ కింద తేలినా పట్టదు.

అలాంటివాడు మీకు వద్దని కూడా చెబుతాడు. రోజూ గంటన్నర తిప్పే ఓపిక లేనివాళ్లకి హస్కీని ఇవ్వడు. మంచుదేశపు కుక్క రామగుండం ఎండలో ఏసీ లేకుండా ఎలా బతుకుతుందో అడుగుతాడు. పగ్ సంగతీ అంతే. 2003లో హచ్ ప్రకటనలో చిన్న కుర్రాడి వెంట నడిచిన ఆ పగ్ దేశం మొత్తాన్ని దోచుకుంది. అప్పట్నుంచీ ఎక్కడ చూసినా పగ్‌లే. ముక్కు ఎంత నొక్కుకుపోతే అంత గిరాకీ, దానికి 'పంచ్ ఫేస్' అని ముద్దుపేరు కూడా పెట్టారు. గుద్దితే అణిగినట్టున్న ఆ ముక్కులోంచి గాలి ఆడదన్న సంగతి మేనెలలో తెలుస్తుంది. కుక్కకి ఒంట్లో వేడి పోయేది ప్రధానంగా వగర్చడం వల్లే. శ్వాసే సరిగా ఆడని పగ్ మధ్యాహ్నం ఎండలో పది నిమిషాలు నడిస్తే వడదెబ్బ. అది పడుకుంటే వచ్చే గురక మనకి ముద్దు, దానికి ఆయాసం.

మూలన నక్కిన పిల్ల

అన్నిటికన్నా కష్టమైన ఘట్టం ఇది. అన్నీ తెలుసుకునే వెళ్తారు. చోటు చూడగానే అర్థమైపోతుంది, ఇది మంచిది కాదని. వెనుదిరగబోతుంటే మూలన ఒక పిల్ల కనిపిస్తుంది. కళ్ల నిండా పుసి. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. తల ఎత్తి చూసి మళ్లీ దించుకుంటుంది. 'దీన్నిక్కడ వదిలేస్తే చచ్చిపోతుంది, తీసుకెళ్దాం' అంటుంది కూతురు. అమ్మేవాడూ గమనిస్తాడు. 'దానికి తగ్గించి ఇస్తాలెండి' అంటాడు.

ఇక్కడ సులువైన జవాబు ఎవరి దగ్గరా లేదు. కొంటే ఆ పిల్ల బతకొచ్చు. బతికించి, పదేళ్లు ప్రాణంగా పెంచుకున్న కుటుంబాలున్నాయి. వాళ్లని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ వాడి లెక్కల పుస్తకంలో జాలికి విడిగా ఖాతా ఉండదు. అది కూడా అమ్ముడుపోయిన సరుకే. పైగా జబ్బు పిల్లకీ గిరాకీ ఉందని అర్థమయ్యాక, ఆరోగ్యం కోసం డబ్బు ఎందుకు పెడతాడు? మీరు ఇచ్చిన నోట్లు ఆ మూలని ఖాళీగా ఉంచవు. వెనక షెడ్డులో ఉన్న తల్లి, అంటే మీకు చూపించని తల్లి, మళ్లీ ఎదకొచ్చేదాకానే ఆ ఖాళీ.

కొనకుండా బయటికొచ్చినవాళ్లు చెయ్యగలిగింది ఉంది. చిరునామా, ఫోన్ నంబరు, ప్రకటన తాలూకు స్క్రీన్‌షాట్, వీలైతే ఫొటోలు దాచిపెట్టండి. జిల్లా పశుసంవర్ధక శాఖకీ, రాష్ట్ర జంతు సంక్షేమ మండలికీ రాసి ఇవ్వండి. జంతు సంరక్షణ సంస్థలకి చెప్పండి. హింస నిరూపించడం కష్టమే కావచ్చు. రిజిస్ట్రేషన్ ఉందా లేదా అన్నది మాత్రం కాగితంతో తేలిపోయే విషయం. 2017 నిబంధనల్లో మనకి పట్టు దొరికేది అక్కడే. కొన్నవాళ్లయితే రసీదు, టీకా పుస్తకం, చాటింగ్ మొత్తం భద్రపరచండి. రసీదు లేకుండా కొన్నది జబ్బుపడితే నిలదీయడానికి ఏ ఆధారమూ మిగలదు.

'మా దానికీ ఒక్క ఈత...'

పప్పీ మిల్లులంటే ఊరి బయట షెడ్లే కాదు. పక్క వీధిలో సౌమ్యంగా ఉండే కుటుంబమూ తెలియక అదే పని చేస్తుంది. 'ఆడదానికి ఒక్కసారైనా పిల్లలు పుడితేనే ఆరోగ్యం' అని ఎవరో చెబుతారు. అది నిజం కాదు. పిల్లలు వద్దనుకుంటే పశువైద్యుడి సలహాతో వేళకి ఆపరేషన్ చేయిస్తే గర్భసంచి చీముపట్టే ప్రమాదం, రొమ్ము గడ్డల ముప్పు తగ్గుతాయి. మగకుక్క యజమాని 'ఒక పిల్ల నాకిస్తే చాలు' అంటాడు. మిగతా అయిదూ ఎవరింటికి వెళ్తాయో ముందు ఆలోచించరు. రెండు నెలలు తిరిగేసరికి అవీ ఫోన్ ప్రకటనలో ఎక్కుతాయి, '45 రోజులు' అని.

అసలు కొనే తీరాలా? హైదరాబాద్‌లో అక్కినేని అమల 1992లో ప్రారంభించిన బ్లూక్రాస్‌తో సహా చాలా సంస్థలు దిక్కులేని కుక్కల్ని దత్తతకి ఇస్తున్నాయి. వాటిలో వీధిపిల్లలే కాదు, మోజు తీరి వదిలేసిన జాతికుక్కలూ ఉంటాయి. పెద్ద కుక్కని తెచ్చుకోవడంలో ఓ సౌకర్యం కూడా ఉంది, అది ఎంత పెరుగుతుందో, ఎలాంటిదో ముందే తెలిసిపోతుంది. వీధి కుక్కపిల్ల విషయంలో తల్లిని చూడలేదన్న బాధే లేదు. అదెవరి పిల్లో, ఎన్నో ఈతో వీధి వీధంతా చెబుతుంది! దానికీ టీకాలు, నట్టల మందు, ఎనిమిది వారాల లెక్క అన్నీ వర్తిస్తాయి. తల్లి పాలు తాగుతున్నదాన్ని ముద్దొచ్చిందని ఎత్తుకొచ్చెయ్యకూడదు.

జాతికుక్కే కావాలంటే మన నేలవే ఉన్నాయి. 2020 ఆగస్టులో ప్రధాని మన్ కీ బాత్‌లో రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ లాంటి దేశీ జాతుల పేర్లు చెప్పాక వాటికీ గిరాకీ పెరిగింది. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందల్ని కాసిన జోనంగి అయితే అచ్చంగా మన ఆంధ్రా కుక్క. పొట్టి బొచ్చు, నుదుటిమీద ముడతలు, మన ఎండకి తట్టుకునే ఒళ్లు. ఇవి వేటకీ కాపలాకీ పుట్టినవి, పరుగు కావాలి. రెండు గదుల ఫ్లాట్‌లో పెట్టి తలుపేసుకుంటే సోఫా మిగలదు. దేశీ అన్నంతమాత్రాన అమ్మేవాడు మంచివాడైపోడు. గిరాకీ ఎటుంటే షెడ్లు అటే తిరుగుతాయి. కాబట్టి అక్కడా అడగాల్సింది అదే మాట, తల్లి ఏదని.

అన్నీ కుదిరి, ఎనిమిది వారాలు నిండిన పిల్లని తీసుకొచ్చే రోజు బ్రీడర్ని రెండు అడగండి. ఒకటి, ఇప్పటిదాకా పెడుతున్న తిండి ఓ వారానికి సరిపడా. తిండి హఠాత్తుగా మారిస్తే విరేచనాలవుతాయి, మార్చాలంటే కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చాలి. రెండోది, తల్లి పడుకునే చోట నుంచి ఓ పాత గుడ్డముక్క. మొదటి రెండు మూడు రాత్రులు పిల్ల ఏడుస్తుంది. ఆ గుడ్డని దాని పక్కలో వేసి, పక్కని మీ మంచం దగ్గరగా జరపండి. మురికిగా ఉందని అత్తగారు అన్నా సరే, వారం దాకా ఉతకొద్దు.